ఇంట్లో వేసిన పట్నం

14 జూన్ 1992, ఆదివారం

ఈ డైరీ మందుల కంపెనీ వాళ్లు మా ఆయనకు ఇచ్చినది. ఆపరేషన్ తర్వాత రోజూ బరువు, టెంపరేచర్ రాసుకొమ్మని ఆయన నాకిచ్చారు. మూడు నెలలు అంకెలే రాశాను. మొన్న పరీక్షలు చేసి, ఒంట్లో ఒక కిడ్నీ తక్కువ, మిగతాదంతా బాగానే ఉంది, ఇక రాయనక్కర్లేదు అన్నారు. కాగితాలు చాలా మిగిలాయి. పారేయబుద్ధి కాలేదు.

ఆయన నిన్న సాయంత్రం హైదరాబాద్ బస్సు దిగి వచ్చారు. బూట్లు విప్పకుండానే మంచం మీద ఒరిగారు. నేనే విప్పాను. పెద్ద డాక్టరు సోమశేఖర్ సాబు సాక్సుకు బొటనవేలు దగ్గర చిరుగు. ఈ రోజు పొద్దున ఏడింటికే ముందుగదిలో పేషెంట్లు. వారమంతా అక్కడ, ఆదివారం ఇక్కడ సిద్దిపేటలో.

నా కిడ్నీ పెట్టించుకున్న తమ్ముడు నాగేశం బాగున్నాడు. రెండు గల్లీల అవతలే ఇల్లు. పొద్దునే పోయి థర్మామీటరు పెట్టి, ముందటి రోజు మూత్రం ఎంతయిందో సీసాలో కొలిచి వస్తాను. రెండు లీటర్ల నూరు మిల్లీలీటర్లు. పనికి పోయిన భివండీ నుంచి మొహం వాచిపోయి వచ్చిన రోజున వాడికి ఒక గ్లాసుడు కూడా రాలేదు.

27 జూన్, శనివారం

ఆయన రాలేదు. వార్డులో ఎవరికో జ్వరమట.

5 జూలై, ఆదివారం

ఆ జ్వరం మనిషి పోయాడు. అన్నం కలుపుతూ చెప్పారు. కిడ్నీ చివరిదాకా మంచిగానే పనిచేసిందట.

ఇరవై మూడేళ్లు ఆయన జ్వరాల దవాఖానలో పనిచేశారు. కలరా, ధనుర్వాతం, డిఫ్తీరియా, పిచ్చికుక్క కాటు. అప్పట్లో ఇంటికొస్తే ముందు పెరట్లో స్నానం. మా ఆడపిల్లలిద్దరూ గడప లోపల నిలబడి నాయిన తల ఆరేదాకా చూసేవాళ్లు. వాళ్లిద్దరూ ఇప్పుడు అత్తగారిళ్లలో ఉన్నారు.

నాలుగేళ్ల కింద కిడ్నీలు మార్చే డాక్టర్లే ఆయనను వెతుక్కుంటూ వచ్చారు. కిడ్నీని మేం నిలబెడుతున్నాం, మనిషిని జ్వరం తీసుకుపోతున్నది, మీరు రావాలి అన్నారట. కొత్త కిడ్నీని పరాయిదని ఒళ్లు తరమకుండా మందులిస్తారు. ఆ మందులకు ఒంటి కావలి నిద్రపోతుంది. కావలి నిద్రపోతే ఏ పురుగైనా లోపలికొస్తుంది. కావలిని లేపితే కిడ్నీ పోతుంది. రెండు దిక్కులా ఓడిపోయే కొలువు దొరికింది నాకు అని మొదట్లో నవ్వేవారు. ఈ మధ్య ఆ మాట అనడం లేదు.

19 జూలై, ఆదివారం

నాగేశం ఇంట్లో గోడకు ఆయన ఇంకో కాగితం అంటించారు. కాచిన నీళ్లు. పచ్చి కూరగాయలు వద్దు. బయటికి పోతే మూతికి గుడ్డ. పెండ్లిళ్లు, జాతరలు, గుంపులు ఏడాదిదాకా వద్దు.

నాగేశం చదివి, గాలి పీల్చొచ్చా బావా అన్నాడు. అడిగి పీల్చు అన్నారు ఆయన. మరదలు బాలలక్ష్మి నవ్వి నవ్వి కొంగు నోట్లో పెట్టుకుంది. చాలా రోజులకు ఆ ఇంట్లో నవ్వు విన్నాను.

26 జూలై, ఆదివారం

నాగేశానికి రెండు రోజులుగా జలుబు. జ్వరం లేదు. ఆయన చూసి ఏం కాదన్నారు.

పక్కింటి ఐలవ్వకు మాత్రం అది ఊరికే వచ్చిన జలుబు కాదు. ఆయన బస్సెక్కిన తర్వాత వచ్చి గడపలో కూర్చుంది. మొక్కిన మొక్కు తీర్చకుండా ఉంచుకుంటే మల్లన్న ఊకుంటాడా, ఇవాళ ముక్కు పట్టుకున్నాడు, రేపు ఇంకేదో పట్టుకుంటాడు అంది. బాలలక్ష్మి మొహం తెల్లబోయింది.

మొక్కింది నేనే. మార్చిలో మా ఇద్దరినీ పక్కపక్కనే స్ట్రెచర్ల మీద తీసుకుపోతుంటే మనసులో అనుకున్నాను. కొమురెల్లి మల్లన్నా, వీడు లేచి కూర్చుంటే నీ పేర నేల మీద రంగు పొడులతో పట్నం వేయిస్తాను. లేచి కూర్చున్నాడు. నేను ఇంకా ఇవ్వలేదు.

2 ఆగస్టు, ఆదివారం

వచ్చే ఆదివారం ఆయనకు హైదరాబాద్‌లోనే డ్యూటీ.

జాతరకు పోవద్దన్నారు, గుంపు వద్దన్నారు. సరే. కొమురెల్లికి పోము. మల్లన్ననే ఇంటికి పిలుస్తాం. నలుగురం తప్ప ఎవరూ ఉండరు. డాక్టరు మాటా నిలబడుతుంది, దేవుడి మాటా నిలబడుతుంది. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లూ నాకు తోచలేదు.

ఆయనకు చెప్పలేదు. అడిగితే చెబుతాను.

9 ఆగస్టు, ఆదివారం, మధ్యాహ్నం

మొక్కు తీరింది.

మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారి దుర్గయ్య చేర్యాల నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. నాగేశం ఇంట్లో నడిమి అర్ర అలికి పెట్టాం. డోలు చప్పుడు విని జనం వస్తారని తలుపులు, కిటికీలు అన్నీ మూసేశాను. బయట ముసురు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి కొత్తవి తెచ్చాను. ఆకుపచ్చ పొడి, బండారి అనే దేవుడి పసుపు మాత్రం నిరుటివి. ఆకు ఎండబెట్టి నేనే దంచాను, మిగిలింది కొమురెల్లి బండారితో కలిపి గుడ్డ సంచిలో ఇంటి కప్పు కింద అటుక మీద పెట్టాను. దేవుడిది పారేయకూడదు కదా. సంచి విప్పితే తడి మట్టి వాసన. ఉండలు కట్టింది. వానకు అట్లనే ఉంటుంది వదినె అని బాలలక్ష్మి ఉండలన్నీ అరచేతుల్లో నలిపింది.

దుర్గయ్య పిడికిలి సందులోంచి పొడి వదులుతూ నేల మీద మల్లన్న పట్నం వేశాడు. గీత ఎక్కడా వంకర పోలేదు. కథ చెప్పాడు. నాగేశం పీట మీద, పట్నానికి మూరెడు దూరంలో కూర్చున్నాడు, మూతికి గుడ్డ కట్టుకొని. దుర్గయ్య చూసి, "దేవుని ముంగట మూతి కట్టుకున్నడేంది, దొంగతనానికి వచ్చిండా?" అన్నాడు. అందరం నవ్వాం. నేనే వెనక్కి పోయి ముడి విప్పాను.

చివర దుర్గయ్య గజ్జెలతో పట్నం తొక్కాడు. పొడి లేచి ట్యూబులైటు మసకబారింది. నాగేశం కళ్లు మూసుకొని దండం పెట్టాడు. నాకు ఏడుపు వచ్చింది, మంచి ఏడుపు.

10 ఆగస్టు

రెండు లీటర్ల మూడు వందలు. మల్లన్నా, నీ దయ.

21 ఆగస్టు, శుక్రవారం

నాగేశానికి నూటొకటి జ్వరం. దగ్గు.

23 ఆగస్టు, ఆదివారం

ఆయన నాగేశం వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు తియ్యలేదు. పేషెంట్లను వెనక్కి పంపారు. దిగిన బస్సే మళ్లీ ఎక్కారు, ఈసారి నాగేశం, బాలలక్ష్మి, నేను వెంట. దారిలో నాగేశం రుమాలులో ఉమ్మాడు. ఎర్రగా ఉంది. వాడు మడతపెట్టి జేబులో దాచాడు. నేను చూశానని వాడికి తెలుసు.

27 ఆగస్టు, గురువారం. దవాఖాన వరండా.

ఎక్స్-రేలో కుడివైపు పైన మచ్చ. మన దిక్కు ఊపిరితిత్తుల్లో మచ్చ ఉంటే ముందు టీబీయే అంటారు. ఆ మందులు మొదలుపెట్టారు. ఆయనకు తృప్తి లేదు. మిగతా డాక్టర్లు పోయాక మా దగ్గరికొచ్చి అడిగారు. ఇంట్లో ఆవులున్నాయా? కోళ్లు? పావురాలు? బావి నీళ్లు తాగాడా? పాత గోడ ఏదైనా కూలగొట్టారా? గడ్డి, వడ్లు తూర్పారబట్టే దగ్గరికి పోయాడా? ఎక్కడైనా దుమ్ము లేచిందా?

బాలలక్ష్మి నా వైపు చూసింది. నాగేశం కళ్లతోనే వద్దన్నాడు.

లేదు అన్నాను.

ఆయనతో పెండ్లయి ముప్పై ఏండ్లు దాటింది. ఆయన నా మాట మీద రెండో ప్రశ్న వేయలేదు.

28 ఆగస్టు

చెప్పలేదు. పట్నం దేవుడిది. దేవుడి బండారితో రోగం వచ్చిందని నా నోటితో ఎట్లా అనాలి?

29 ఆగస్టు

నూటమూడు. ఈ రోజూ చెప్పలేదు.

30 ఆగస్టు, ఆదివారం

వినాయక చవితి పందిళ్లకు మైకులు కడుతున్నారు. నాగేశం ఒక మెట్టు ఎక్కితే రెండు నిమిషాలు దగ్గుతూ ఆగుతున్నాడు. రుమాళ్లు దాచడం మానేశాడు. టీబీ మందు పనిచేయడం లేదని ఆయన ఎవరితోనో అంటుంటే విన్నాను. ఎక్కడో ఏదో వదిలేస్తున్నాను అన్నారు. ఆయన గొంతు అట్లా నేను ఎప్పుడూ వినలేదు.

1 సెప్టెంబర్, మంగళవారం

పొద్దున ఏడింటికి వరండాలో పట్టుకొని చెప్పాను. పట్నం వేయించామని.

అరుస్తారనుకున్నాను. జేబులోంచి పెన్ను తీశారు. ఏ పొడి? ఎప్పుడు దంచింది? ఎక్కడ పెట్టావు? అటుక కారుతుందా? తలుపులు ఎంతసేపు మూసి ఉన్నాయి? ఎంత దూరంలో కూర్చున్నాడు? నేను పేషెంటు తాలూకు మనిషినన్నట్టే అడిగారు, అన్నీ రాసుకున్నారు. చివర మూతిగుడ్డ సంగతి అడిగి తల ఎత్తి చూశారు. నేనే విప్పానన్నాను. అదీ రాశారు.

సంచి ఇంకా ఉందా అని అడిగారు. ఉంది, దేవుడిది పారేయలేదు అన్నాను.

పోయి పట్టుకొని రమ్మన్నారు.

2 సెప్టెంబర్

సిద్దిపేట పోయి సంచి స్టీలు డబ్బాలో పెట్టి, మూత మీద గుడ్డ బిగించి తెచ్చాను. బస్సులో ఒడిలో పెట్టుకున్నాను. కొండపాకలో ఎక్కి పక్కన కూర్చున్న ముసలమ్మ ఏం బిడ్డా ప్రసాదమా అని అడిగింది. ఔనన్నాను. కొద్దిగ పెట్టమంది. ఇది దవాఖానకు పోతుందవ్వా అంటే, అయితే ఇంకా మంచిది, మంచిగ పనిచేస్తది అని డబ్బాకు దండం పెట్టింది.

5 సెప్టెంబర్, శనివారం

ఆయన నన్ను ల్యాబుకు తీసుకుపోయారు. గాజు మూకుడులో మన పొడి చల్లితే మూడు రోజుల్లో పచ్చటి బూజు మొలిచింది. నాగేశం దగ్గి ఉమ్మిన గళ్లలోనూ అదే మొలిచిందట. మైక్రోస్కోపులో చూడమన్నారు.

సన్నని కాడ. కాడ కొనకు గుండ్రని పువ్వు. పువ్వు చుట్టూ పూసలు రాలుతున్నాయి. చూసిన వెంటనే నా చేతులు దండం పెట్టబోయాయి. ఆపుకున్నాను. ఆయన పక్కకు తిరిగారు.

తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి చెప్పారు. ఊపిరితిత్తిలో పట్టిన ఈ బూజుకు ఒక మందు ఉంది. చలి, వణుకు, వాంతులు తెచ్చే మందు. ఊపిరితిత్తి బతకొచ్చు. ఆ మందు కిడ్నీని కొడుతుంది. పైగా ఒంటి కావలిని లేపాలి, అంటే కిడ్నీని కాపాడే మందులు ఆపాలి. మందు ఎక్కిస్తే నువ్వు ఇచ్చిన కిడ్నీ దాదాపు పోతుంది. ఎక్కించకపోతే పది రోజుల్లో మనిషే పోతాడు.

నన్నెందుకు అడుగుతున్నారని అన్నాను. అడగడం లేదు, ముందు నీకు చెబుతున్నాను అన్నారు.

6 సెప్టెంబర్, ఆదివారం

నాగేశం వద్దన్నాడు.

కిడ్నీల యూనిట్ పెద్ద డాక్టరు చెప్పాడు, వినలేదు. ఆయన చెప్పారు, వినలేదు. బాలలక్ష్మి కాళ్ల మీద పడింది. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. టీబీ మందే ఇయ్యండి, పోతే పోత అంటాడు. ఆయన మంచం పట్టీ మీద కూర్చొని ఎందుకు అని మెల్లగా అడిగారు.

"అక్క కోయించుకొని ఇచ్చింది బావా. నా ఒంట్ల పెట్టుకొని నేనే ఎట్ల సంపుకోవాలె?"

ఆయన నా వైపు చూశారు. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. చిన్నప్పుడు వీణ్ని కొట్టింది కూడా లేదు. మంచం అటువైపు తిరిగి వెళ్లి, గోడకూ వాడికీ మధ్య నిలబడ్డాను.

"మూతి గుడ్డ ఇప్పింది నేను. అబద్ధమాడింది నేను. కిడ్నీ పోతే నాది పోతది. నువ్వు పోతే నేనెట్ల బతకాలె నాగేశం? మందు ఎక్కించుకో."

వాడు దగ్గాడు. తర్వాత సూది వేయడానికి చెయ్యి చాపాడు, నర్సు వైపు కాదు, బావ వైపు.

సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టారు. అయిదింటికి వణుకు వచ్చింది. మంచం గోడకు కొట్టుకుంటుంటే బాలలక్ష్మి, నేను చెరో వైపు పట్టుకున్నాం.

9 సెప్టెంబర్

కిడ్నీ ఎంత చెడిందో చెప్పే క్రియాటినిన్ రెండు. మూత్రం లీటరు రెండు వందలు.

14 సెప్టెంబర్

మూడు పాయింట్ ఆరు. ఏడు వందలు. జ్వరం నూరు.

20 సెప్టెంబర్

ఆరు. రెండు వందల యాభై. జ్వరం లేదు. దగ్గులో రక్తం లేదు. డాక్టర్లు ఎక్స్-రే చూసి సంతోషపడ్డారు. నేను సీసా చూశాను.

25 సెప్టెంబర్

డయాలిసిస్ మొదలు.

4 అక్టోబర్, ఆదివారం. సిద్దిపేట.

ఆరు వారాల తర్వాత ఇద్దరం ఇంటికి వచ్చాం. బాలలక్ష్మి అక్కడ ఉంది. దేవుడి అర్రలో దీపం పెట్టి కూర్చున్నాను. ఏం అడగాలో తెలియలేదు. లేచి వచ్చాను.

ఆయన ముందుగదిలో ఒక్కరే ఉన్నారు. రేపు ఆదివారం రమ్మని పేషెంట్లను పంపేశారట, ఇవాళే ఆదివారమని గుర్తు లేదు. ఎదురుగా కూర్చున్నాను. అడగాలని నెల రోజుల నుంచి ఉంది. ఆ అయిదు రోజులు ముందే చెప్పి ఉంటే కిడ్నీ మిగిలేదా అని అడిగాను.

తెలియదు అన్నారు.

ఆయనకు అబద్ధం రాదు. ఈ ఒక్కసారికి వచ్చి ఉంటే బాగుండేది.

ఆయనే మళ్లీ మాట్లాడారు. గొంతు వార్డు గొంతు కాదు, వాళ్ల నాయిన గొంతులా ఉంది.

"ఆవులను అడిగిన, కోళ్లను అడిగిన, కూలిన గోడలను అడిగిన. నేను పుట్టినసంది మా ఇంట్ల ఏటేటా పట్నం వేసిన్రు, సులోచనా. పట్నం తొక్కుతుంటే మా నాయిన నన్ను భుజం మీద కూసోబెట్టుకునేటోడు. గది ఒక్కటి అడగాలన్న సోయి నాకు లేకపాయె."

మీరు దుమ్ము లేచిందా అని అడిగారు, నేను లేదన్నాను అని చెప్పాను. టీ పెట్టనా అంటే తల ఊపారు. టీ తెచ్చేసరికి కుర్చీలోనే నిద్రపోయారు.

18 అక్టోబర్, ఆదివారం

ఐలవ్వ వచ్చి, మొక్కు సరిగ్గా తీరలేదేమో, దుర్గయ్య ఎక్కడో తప్పు చేసి ఉంటాడు, మళ్లీ వేయించు అంది. తప్పు దుర్గయ్యది కాదన్నాను. మల్లన్నది కూడా కాదన్నాను. మరి ఎవరిది అంది. అటుక మీద కారిన వాన నీళ్లది, సంచిని అక్కడ పెట్టినదానిది అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

ఆయన ముందుగదిలోంచి పిలిచారు. గజ్వేల్ దిక్కు నుంచి వచ్చిన ఒక ఆడమనిషి, కొత్త కిడ్నీ వేయించుకొని ఆరు నెలలట, కొంచెం దగ్గు ఉంది. నన్ను లోపలికి తీసుకుపోయి మాట్లాడమన్నారు. ఏం అడగాలో చెప్పలేదు. వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టి, ఇంట్లో ఏం మొక్కులున్నాయి అక్కా అని మొదలుపెట్టాను. ఆమె ముందు దిక్కులు చూసింది. తర్వాత అరగంట చెప్పింది.

8 నవంబర్, ఆదివారం

నాగేశం ఇంటికి వచ్చాడు. వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు హైదరాబాద్ పోవాలి. బక్కగా, నల్లగా అయ్యాడు. మెట్లు ఎక్కగలుగుతున్నాడు. అన్నం ఉప్పు లేకుండా తిని, బాగుంది అన్నాడు.

22 నవంబర్, ఆదివారం

చెడిపోయిన కిడ్నీని తీయరట. లోపలే ఉంటుంది.

నాగేశం అంగీ ఎత్తి నా చెయ్యి పట్టుకొని కుడివైపు కింద పెట్టుకున్నాడు. గట్టిగా ఉంది. వెచ్చగా ఉంది. నొస్తున్నదారా అన్నాను.

నీది నొస్తలేదక్కా అన్నాడు.

చెయ్యి తియ్యలేదు. వాడూ తియ్యమనలేదు.